షౌకు, పేషా – సయ్యద్ ఆబిద్ అలీ క్రికెట్ జీవితం: ఒక పరిశీలన

చదువుకొంటే నవాబువు అవుతావు, ఆటలాడితే చెడిపోతావు అనే భావం గల సామెత ఒకటి ఉర్దూలో ఉన్నది. మన కళాశాల విద్యార్థులలో ఆ సామెతను ఇంటి పెద్దల నోట వినని వారు అరుదు. తెలుగువారి ఇండ్లలో దానికి జోడుగా "ఆటలు కూడు పెడతాయా?" అనే ప్రశ్న ఉండనే ఉన్నది. ఒక నవాబే భారత జట్టుకు సారథ్యం వహించి, మన హైదరాబాదు తరపున రంజీ ట్రోఫీలో ఆడినాడన్న సంగతి ఆ సామెతను కట్టినవారికి తెలియదు గదా!

2008లో ఇండియన్ ప్రీమియర్ లీగ్ ప్రారంభమైనప్పటి నుండి ఈ సామెత తలక్రిందులైనట్లు కనిపిస్తున్నది. ఇరవై ఏండ్ల కుర్రవాడు వేలంలో కోట్ల రూపాయలకు అమ్ముడు కావడం టెలివిజన్‌లో చూచిన పిల్లవాడు, ఇప్పుడు ఆడినవాడే నవాబు అవుతున్నాడని పెద్దలకు ఎదురు చెబుతున్నాడు. పెద్దల మాటలో అనుభవమున్నది, పిల్లవాని మాటలో ఆశ ఉన్నది. అయితే ఇరువురూ క్రికెట్ ఆటగాడి జీవితాన్ని ఆసాంతం చూచి మాట్లాడుతున్నవారు కారు. ఒకరు ఆటలో ఓడిపోయిన వానిని చూచి, మరొకరు గెలిచిన వానిని చూచి తీర్పు చెబుతున్నారు.

కాబట్టి క్రికెట్‌ను ఒక వృత్తిగా తీసుకొని, అది ఎట్లా మొదలవుతుంది, దానిని ఎవరు పోషిస్తారు, దేనితో నిలుస్తుంది, ఎప్పుడు ముగుస్తుంది అనే విషయాలను ఒక నిజజీవితం ఆధారంగా పరిశీలించాలని మేము తలచినాము. హైదరాబాదు నుండి గులాం అహ్మద్, జయసింహ, అజహరుద్దీన్, లక్ష్మణ్ వంటి పెద్ద పేర్లు ఎన్నో ఉన్నవి. వారినందరినీ విడిచి మేము సయ్యద్ ఆబిద్ అలీ జీవితాన్ని ఎంచుకొన్నాము. ఆయన టెస్టులలో ఒక్క శతకమైనా చేయలేదు, భారత జట్టుకు సారథి కాలేదు. అందువల్లనే ఆయన జీవితం మనకు పాఠంగా పనికివస్తుంది. అపూర్వ ప్రతిభావంతుని కథ విని ఆనందించగలము గాని, దానిని అనుసరించలేము. పనిమంతుని కథను అనుసరించవచ్చును. 2025 మార్చి 12న ఆయన అమెరికాలోని కాలిఫోర్నియాలో కన్నుమూశారు. ఈ తరం విద్యార్థులకు ఆయన పేరు అంతగా తెలియకపోవడం కూడ ఈ వ్యాసానికి ఒక కారణము.

వృత్తి అనగా ఏమి?

"వృత్తి" అనే మాటకు జీవనోపాధి అనీ, నడవడి అనీ రెండర్థాలున్నవి. ఉర్దూలో మక్కువతో చేసే పనిని "షౌకు" అంటారు, బ్రతుకుతెరువుగా చేసే పనిని "పేషా" అంటారు. క్రికెట్ చరిత్రలో ఈ రెండింటి మధ్య పెద్ద గోడ ఒకటి చాలాకాలం నిలిచి ఉన్నది. ఇంగ్లండులో షౌకుతో ఆడే సంపన్నులను "జెంటిల్మెన్" అనీ, కూలి తీసుకొని ఆడేవారిని "ప్లేయర్స్" అనీ వేరుచేసి, ఆ రెండు వర్గాల మధ్య 1806 నుండి పోటీలు జరిపేవారు. పలు మైదానాలలో ఇరువురికీ దుస్తులు మార్చుకొనే గదులు కూడ వేరు. స్కోరు పట్టికలో దొరగారి పొడి అక్షరాలు ఇంటిపేరుకు ముందు, కూలి ఆటగానివి వెనుక అచ్చయ్యేవి. 1952లో లెన్ హట్టన్ సారథి అయ్యేంతవరకు ఇరవయ్యవ శతాబ్దంలో వృత్తి ఆటగానికి ఇంగ్లండు జట్టు పగ్గాలు అప్పగించలేదు. ఈ విభేదాన్ని 1962లో రద్దు చేశారు.

మన దేశంలో గోడ లేదు గాని, కూలి కూడ లేదు. ఆటగానిని ఎవరో ఒకరు పోషించవలసి వచ్చేది. మొదట ఆ పోషణ రాజులది. 1932లో లార్డ్స్ మైదానంలో భారతదేశపు తొలి టెస్టుకు నాయకత్వం వహించిన సి.కె. నాయుడు నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంవారు. ఇందూరు హోల్కరు మహారాజు ఆయనను తన కొలువులో చేర్చుకొని సైనిక హోదా ఇచ్చారు. మన హైదరాబాదులో నవాబు మొయినుద్దౌలా పేరిట బంగారు కప్పు పోటీ 1930–31లో మొదలై, దేశంలోని మేటి ఆటగాండ్లను ఈ నగరానికి రప్పించినది.

రాజులు పోయిన తరువాత ఆటగాడు మరొక ఆశ్రయం వెదకుకోవలసి వచ్చినది. 1952లో వినూ మన్కడ్ ఇంగ్లండులోని హాస్లింగ్డెన్ క్లబ్బుతో ఒప్పందం చేసుకోదలచి, దేశం జట్టులో తనకు తప్పక స్థానముంటుందన్న హామీ అడిగినారు. క్రికెట్ బోర్డు ఇవ్వలేదు. ఆయన క్లబ్బుకే వెళ్లిపోయినారు. ఆ తరువాత జట్టు కష్టాలలో పడగా, క్లబ్బు అనుమతితో ఆయనను లార్డ్స్ టెస్టుకు పిలిపించారు. ఆ టెస్టులో ఆయన 72, 184 పరుగులు చేసి, ఐదు వికెట్లు తీసినారు. దేశం తరపున ఆడడం గౌరవమే, కాని సంసారానికి ఆ గౌరవం ఒక్కటే చాలదని ఈ ఉదంతం చెబుతున్నది. ఇటువంటి కాలంలోనే ఆబిద్ అలీ బాట్ పట్టుకొన్నారు.

ఫీల్డింగుతో దొరికిన ప్రవేశం

ఆబిద్ అలీ 1941 సెప్టెంబరు 9న హైదరాబాదులో జన్మించారు. సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలులోను, ఆల్ సెయింట్స్ హైస్కూలులోను చదువుకొన్నారు. 1956లో హైదరాబాదు పాఠశాలల జట్టును ఎంపిక చేసినవారు ఆయనలో మొదట చూచినది బ్యాటింగును కాదు, బౌలింగునూ కాదు. ఆయన ఫీల్డింగును చూచి తీసుకొన్నారు. ఆ పోటీలలో కేరళపై 82 పరుగులు చేసి కూడ, ఆయన ఇంటికి తెచ్చుకొన్నది ఉత్తమ ఫీల్డరు బహుమతి.

విద్యార్థులు ఈ విషయాన్ని శ్రద్ధగా గమనించవలెను. ఫీల్డింగు క్రికెట్‌లో అందరూ చేయవలసినదే అయినా, ఎవరూ కోరుకోని పని. బ్యాటింగుకు చప్పట్లున్నవి, బౌలింగుకు అరుపులున్నవి. ఎండలో నాలుగు గంటలు నిలబడి, తన వైపు రాని బంతి కోసం కూడ ప్రతిసారీ మోకాళ్లు వంచి సిద్ధపడేవానిని ఎవరు లెక్కిస్తారు? అయినా ఈ ఒక్క పనికి మాత్రం ప్రత్యేకమైన పుట్టుక అవసరం లేదు. కాళ్లలో శక్తి, మనస్సులో మెలకువ ఉంటే చాలును. ఆబిద్ అలీ తన చేతిలో ఉన్న పనిని పట్టుకొని లోనికి ప్రవేశించారు.

1959–60లో ఆయనకు హైదరాబాదు రంజీ జట్టులో స్థానం దొరికినది. ఇంచుమించు ఆ కాలంలోనే స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు సొంత క్రికెట్ జట్టును ఏర్పాటు చేసుకొని, ఆయనకు ఉద్యోగమిచ్చినది. ఈ బ్యాంకు కూడ ఆయన పుట్టిన 1941లోనే నిజాం రాజ్యంలో హైదరాబాదు స్టేట్ బ్యాంకుగా స్థాపించబడినది.

బ్యాంకు బల్ల, ఆట మైదానం

ఈ ఉద్యోగ పద్ధతిని ఈనాటి విద్యార్థులకు కొంచెం వివరించవలసి ఉన్నది. బ్యాంకులు, రైల్వేలు, సిమెంటు కంపెనీలు, పోలీసు శాఖ మొదలైనవి ఆటగాండ్లను గుమాస్తాలుగానో, అధికారులుగానో నియమించుకొనేవి. ఆటగాడు ఉదయం సాధన చేసి, కార్యాలయానికి వెళ్లి సంతకం పెట్టి, బల్ల ముందు కూర్చొని పని చేసేవాడు. పోటీలున్న రోజులలో సెలవు ఇచ్చి, దానిని విధినిర్వహణగా లెక్కించేవారు. నెల తిరిగేసరికి జీతం చేతికి వచ్చేది. కాలికి దెబ్బ తగిలి ఒక సీజను ఆడలేకపోయినా ఆ జీతం ఆగేది కాదు. సంస్థల జట్లు లీగు పోటీలలోను, మొయినుద్దౌలా కప్పులోను ఒకదానితో ఒకటి తలపడేవి గనుక, రంజీకి ఎంపిక కాని వానికి కూడ మంచి ఆట అందుబాటులో ఉండేది.

అందుచేత ఆబిద్ అలీ తరంవారిని "వృత్తి క్రికెటర్లు" అనవచ్చునా అన్న ప్రశ్న వస్తుంది. లెక్క ప్రకారం వారు బ్యాంకు ఉద్యోగులు. నడవడి ప్రకారం మాత్రం వారు సంపూర్ణంగా వృత్తి ఆటగాండ్లే. షౌకును పేషా పోషించిన విచిత్రమైన ఏర్పాటు అది.

ఈ ఏర్పాటు లేకపోతే ఆబిద్ అలీ కథ మధ్యలోనే ఆగిపోయేదని మా అభిప్రాయము. రంజీలో అడుగుపెట్టిన తరువాత ఎనిమిదేండ్లపాటు ఆయన పేరు దేశంలో వినబడలేదు. మొదట వికెట్ కీపరుగా ఉండి, పిమ్మట బౌలింగుకు మారినారు. తొలి సంవత్సరాలలో జట్టు ఆయనకు బంతి ఇచ్చినదే తక్కువ. 1967 వరకు రంజీలో ఆయన ఖాతాలో ఒక్క శతకమైనా లేదు. పద్దెనిమిదేండ్లకు మొదలుపెట్టి ఇరవై ఆరేండ్లు వచ్చేదాకా ఫలితం కనబడని పనిని ఎందరు కొనసాగించగలరు? ఉర్దూలో "సబ్ర్" అనే మాటను మనం ఓర్పు అని అనువదిస్తాము. ఓర్పు అంటే ఊరక వేచి ఉండడమని కొందరు భ్రమపడతారు. ఆ ఎనిమిదేండ్లలో ఆయన వికెట్ల వెనుక నిలబడడం, కొత్త బంతి వేయడం, ఏ స్థానంలో పంపితే ఆ స్థానంలో బ్యాటింగు చేయడం అనే మూడు పనులు నేర్చుకొన్నారు. ఆ నేర్పు తరువాత ఆయనకు అక్కరకు వచ్చినది.

అడిలైడ్ నుండి సిడ్నీ దాకా

1967లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పర్యటనకు ఎంపికైన జట్టులో ఆయన పేరు ఉండడం పలువురికి ఆశ్చర్యం కలిగించినది. 1967 డిసెంబరులో అడిలైడ్‌లో జరిగిన తొలి టెస్టుకు గాయం కారణంగా పటౌడీ ఆడలేకపోగా, చందూ బోర్డే నాయకత్వం వహించారు. ఆ టెస్టులో ప్రవేశించిన ఆబిద్ అలీ మొదటి ఇన్నింగ్స్‌లోనే 55 పరుగులిచ్చి 6 వికెట్లు తీసినారు. అప్పటి వరకు తొలి టెస్టు ఆడిన భారతీయులెవరూ ఒక ఇన్నింగ్స్‌లో అంత చక్కగా బౌలింగు చేసి ఉండలేదు. బ్యాటింగులో రెండు ఇన్నింగ్స్‌లలోను 33 పరుగుల చొప్పున చేశారు.

బ్రిస్బేన్‌లో జరిగిన మూడవ టెస్టులో ఆయనను ఇన్నింగ్స్ ప్రారంభించడానికి పంపగా 47 పరుగులు చేశారు. ఆలస్యంగా జట్టులో చేరిన మరొక హైదరాబాదీ, ఎం.ఎల్. జయసింహ, ఆ టెస్టులోనే 74, 101 పరుగులు సాధించారు. అయినా భారత్ 39 పరుగుల తేడాతో ఓడిపోయినది. సిడ్నీలో జరిగిన చివరి టెస్టులో ఆబిద్ అలీ 78, 81 పరుగులు చేశారు. టెస్టులలో ఆయన అత్యధిక స్కోరు ఆ 81 పరుగులే.

ఆ నాలుగు టెస్టులలోను భారత్ పరాజయం పొందినది. జట్టు ఓడుతున్నప్పుడు తన పని తాను చక్కగా చేయడం కష్టమైన విద్య. నలుగురూ తలలు వంచుకొన్న చోట ఒకడు నడుము వంచి బంతిని ఆపుతున్నాడంటే, అతనికి ఆట మీద గల గౌరవం ఎంతటిదో గ్రహించవచ్చును. ఆ పర్యటనలోనే తరువాత న్యూజిలాండ్‌లో భారత్ 3–1 తేడాతో గెలిచి, విదేశాలలో తొలి సిరీస్ విజయం అందుకొన్నది.

1971వ సంవత్సరం

అజిత్ వాడేకర్ సారథ్యంలో వెస్టిండీస్‌కు వెళ్లిన జట్టులో హైదరాబాదు నుండి జయసింహ, ఆబిద్ అలీ, వికెట్ కీపరు కృష్ణమూర్తి, జయంతిలాల్, గోవిందరాజ్ అనే ఐదుగురు ఉండడం మనకు గర్వకారణము. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో జరిగిన రెండవ టెస్టులో ఆబిద్ అలీ వేసిన మొదటి బంతికే ఫ్రెడరిక్స్ బౌల్డ్ అయినాడు. చివరికి గెలుపునకు 124 పరుగులు కావలసి ఉండగా, తొలి టెస్టు ఆడుతున్న గవాస్కర్ 67 పరుగులతోను, ఆబిద్ అలీ 21 పరుగులతోను అజేయులుగా నిలిచి జట్టును గట్టెక్కించారు. వెస్టిండీస్‌పై భారత్‌కు అది తొలి టెస్టు విజయము. దానితోనే సిరీస్ కూడ మనదైనది.

అదే నగరంలో చివరి టెస్టు. గవాస్కర్ 124, 220 పరుగులు చేసినందువల్ల ఆ టెస్టు ఆయన పేరుతోనే చరిత్రలో నిలిచినది. 262 పరుగుల లక్ష్యంతో వెస్టిండీస్ బ్యాటింగుకు దిగినప్పుడు రోహన్ కన్హాయ్‌ని, గారీ సోబర్స్‌ను ఆబిద్ అలీ వరుస బంతులలో బౌల్డ్ చేశారు. వెస్టిండీస్ 8 వికెట్లకు 165 పరుగుల వద్ద ఆగిపోయి, సిరీస్ 1–0గా భారత్‌కు దక్కినది. ఆ రెండు బంతులు పడకపోతే ఏమి జరిగి ఉండేదో పాఠకులే ఊహించుకోవచ్చును.

ఆ వేసవిలోనే ఇంగ్లండు పర్యటన. మాంచెస్టర్ టెస్టు మొదటి రోజు భోజన విరామానికి ముందే మొదటి నాలుగు వికెట్లను 19 పరుగులకు తీసి, ఇంగ్లండును 4 వికెట్లకు 41 పరుగుల స్థితికి ఆయన దిగజార్చారు. ఆగస్టు 24న లండన్‌లోని ఓవల్ మైదానంలో చంద్రశేఖర్ 38 పరుగులకు 6 వికెట్లు తీయగా ఇంగ్లండు 101కే కూలినది. భారత్ లక్ష్యం 173. గమ్యానికి మూడు పరుగుల దూరంలో విశ్వనాథ్ ఔట్ కాగా ఆబిద్ అలీ వచ్చి, లఖర్స్ట్ బంతిని బౌండరీకి పంపి ఆట ముగించారు. ఇంగ్లండు గడ్డపై భారత్ గెలిచిన తొలి టెస్టు అది. గెలుపు చంద్రశేఖర్‌దే. అయితే ఆ గెలుపు ఇంటి తలుపు తట్టినవారు మన ఆబిద్ అలీ.

అంకెలు చెప్పేవి, చెప్పనివి

ఇప్పుడు ఆయన టెస్టు లెక్కలు చూద్దాము. 29 టెస్టులు, 1,018 పరుగులు, 47 వికెట్లు. ఔటైన 50 సార్లతో 1,018ని భాగిస్తే సగటు 20.36 వస్తుంది. బౌలింగులో ఒక్కొక్క వికెట్టుకు ఇచ్చిన పరుగులు 42 పైచిలుకు. ఈ అంకెలు మాత్రమే చూచిన విద్యార్థి, ఇటువంటి సామాన్యుని ఏడేండ్లు జట్టులో ఎందుకు ఉంచుకొన్నారని అడగవచ్చును. ఆ ప్రశ్నకు జవాబు ఆ జట్టు నిర్మాణంలో ఉన్నది.

బేడీ, ప్రసన్న, చంద్రశేఖర్, వెంకటరాఘవన్ అనే స్పిన్నర్లే ఆనాటి భారత జట్టు బలము. కొత్త బంతి నున్నగా, మెరుపుతో ఉంటుంది. స్పిన్నరు వేళ్లకు అది సరిగా చిక్కదు. కొన్ని ఓవర్లు పడి, మెరుపు పోయి, ఉపరితలం కొంత గరుకెక్కిన తరువాతనే అతని విద్యకు పట్టు దొరుకుతుంది. ఆ మొదటి ఓవర్లను ఎక్కువ పరుగులివ్వకుండా వేసి, బంతిని స్పిన్నర్లకు సిద్ధం చేసి అప్పగించడం ఆబిద్ అలీ పని. తాను నాటిన చెట్టుకు పండ్లు వచ్చే వేళకు తోటను మరొకరికి అప్పగించే మాలి వంటి ఉద్యోగమది. ఐదారు ఓవర్లు వేసి తప్పుకొనేవానికి వికెట్లు ఎన్ని వస్తాయి?

బౌలింగు ముగించి ఆయన విశ్రాంతి తీసుకోలేదు. స్పిన్నర్లకు వికెట్లు పడేది ఎక్కువగా బ్యాటు అంచుకు తగిలి లేచిన క్యాచ్‌ల ద్వారా. వాటిని బ్యాటుకు చేరువలో పట్టడానికి ఏకనాథ్ సోల్కర్, వాడేకర్, వెంకటరాఘవన్‌లతో పాటు ఆబిద్ అలీ కూడ నిలబడేవారు. శిరస్త్రాణాలు లేని కాలమది. బ్యాటింగులో ఒకరోజు ప్రారంభకుడు, మరొకరోజు ఎనిమిదవవాడు. ఎదుటివాని పరుగును కూడ తన పరుగుగా భావించి వికెట్ల మధ్య వేగంగా పరుగెత్తడం ఆయనకు పేరు తెచ్చిన గుణము. ఈ సేవలలో అధిక భాగానికి స్కోరు పట్టికలో గడి లేదు.

టెస్టులను మాత్రమే గాక, మొత్తం ఫస్ట్ క్లాస్ క్రికెట్‌ను తీసుకొంటే ఆయన 212 మ్యాచులలో 8,732 పరుగులు చేసి, 397 వికెట్లు తీసినారు. ఒక వృత్తిని దాని శిఖరాలతో గాక, దాని పొడవుతో కొలవాలని ఈ అంకెలు మనకు బోధిస్తున్నవి.

ఆట ముగిసిన తరువాత

1974 డిసెంబరులో ఢిల్లీలో వెస్టిండీస్‌తో ఆడినది ఆయన చివరి టెస్టు. అప్పటికి వయస్సు 33. మరుసటి ఏడాది ఇంగ్లండులో మొదటి ప్రపంచ కప్పు జరిగినది. 1975 జూన్ 14న న్యూజిలాండ్‌పై ఆయన 98 బంతులలో 70 పరుగులు చేసి, రెండు వికెట్లు కూడ తీసినారు. గ్లెన్ టర్నర్ శతకంతో ఆ మ్యాచ్ భారత్ చేజారినది. జట్టులో ఆనాడు అత్యధిక పరుగులు చేసినవాడు ఆ తరువాత అంతర్జాతీయ మ్యాచ్ ఆడలేదు. ఇతర వృత్తులలో ముప్పది నాలుగేండ్లవాడు ఇంకా యువకుడే, పైమెట్టుకు ఎదురుచూచే వయస్సది. క్రికెట్‌లో అది వీడ్కోలు వయస్సు.

మరి కొన్ని సంవత్సరాలు హైదరాబాదుకు ఆడి, ఇక్కడి బాలుర జట్టుకు శిక్షణ ఇచ్చి, 1980లో ఆయన కాలిఫోర్నియాకు వెళ్లిపోయినారు. అయినా ఆట ఆయనను విడువలేదు. 1990 దశకం చివరలో మాల్దీవుల జట్టుకు, ఆ పిమ్మట ఆంధ్ర రంజీ జట్టుకు, 2002 నుండి కొంతకాలం సంయుక్త అరబ్ ఎమిరేట్స్ జట్టుకు శిక్షకుడిగా పని చేశారు. ఆయన శిక్షణలో 2001–02లో ఆంధ్ర జట్టు దక్షిణ మండల లీగులో అగ్రస్థానం పొందినది. ఆడే శక్తి తగ్గినవానికి నేర్పే శక్తి మిగలవలెను. ఆట యొక్క ప్రతి పనినీ స్వయంగా చేసి ఉన్నవానికే ఆ శక్తి నిలుస్తుందని ఆయన ఉత్తర జీవితం నిరూపించినది.

కాలం మారినది

రాజుల పోషణ తరువాత కార్యాలయాల పోషణ వచ్చినట్లే, 2008 తరువాత విపణి పోషణ వచ్చినది. ఆబిద్ అలీకి అన్నం పెట్టిన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో విలీనమై, ఆ పేరుతో లేకుండా పోయినది. ఆ సంవత్సరమే హైదరాబాదు కుర్రవాడు మహమ్మద్ సిరాజ్‌ను ఐపీఎల్ వేలంలో సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టు 2 కోట్ల 60 లక్షల రూపాయలకు తీసుకొన్నది. అతని తండ్రి ఆటో నడిపి కుటుంబాన్ని పోషించారు. టెన్నిస్ బంతితో ఆడుతూ పెరిగిన ఈ యువకుడు 2016–17 రంజీ సీజనులో 41 వికెట్లు తీసిన తరువాతనే ఆ ధర పలికినదని మన విద్యార్థులు మరువరాదు. కోట్లు వేలంపాటలో వినబడినవి, కాని అవి రంజీ మైదానంలో సంపాదించబడినవి.

2020 నవంబరులో సిరాజ్ ఆస్ట్రేలియాలో ఉండగా తండ్రి మరణించారు. అతడు జట్టుతోనే ఉండిపోయి, 2021 జనవరిలో బ్రిస్బేన్ టెస్టులో 73 పరుగులకు 5 వికెట్లు తీసినాడు. 2025 ఆగస్టు 3న ఓవల్‌లో హ్యారీ బ్రూక్ కొట్టిన బంతిని పట్టుకొని సరిహద్దు త్రాటిపై కాలు మోపగా, 19 పరుగుల వద్ద బ్రతికిన బ్రూక్ 111 దాకా పోయినాడు. ఆ పొరపాటును దేశమంతా చూచినది. మరుసటి రోజు ఇంగ్లండుకు కావలసినవి 35 పరుగులు, చేతిలో నాలుగు వికెట్లు. సిరాజ్ చివరి వికెట్టుతో సహా ఆ ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీసి, 6 పరుగుల తేడాతో భారత్‌ను గెలిపించాడు. ఆబిద్ అలీ విజయపు బౌండరీ కొట్టిన మైదానమే అది. నడుమ 54 సంవత్సరాలు గడిచినవి.

ఇక్కడ ఒక లెక్క వేయవలసి ఉన్నది. ఐపీఎల్‌లో 2022 నుండి పది జట్లున్నవి. ఒక్కొక్క జట్టులో గరిష్ఠంగా 25 మంది, అందులో ఎనిమిది మంది వరకు విదేశీయులు ఉండవచ్చును. విదేశీయుల స్థానాలన్నీ నిండితే, ఇంత పెద్ద దేశంలో భారతీయులకు మిగిలేవి 170 స్థానాలు. పాత పద్ధతిలో ఆటగానికి దొరికినది కొంచెమే అయినా, ఓడినవానికి కూడ బ్యాంకు బల్ల మిగిలేది. కొత్త పద్ధతి గెలిచినవానికి ఎంతో ఇస్తుంది, ఓడినవానిని అడగనైనా అడగదు. సిరాజ్‌కు 2024లో తెలంగాణ ప్రభుత్వం డి.ఎస్.పి. పదవి ఇచ్చినది. అంతటి సంపాదనాపరునికి కూడ ఉద్యోగం గౌరవాన్ని, భద్రతను ఇస్తున్నదంటే, తక్కినవారి మాట చెప్పవలెనా?

విద్యార్థినుల విషయంలోను ఇదే సత్యము. హైదరాబాదులో పెరిగిన మిథాలీ రాజ్ 1999లో తొలి వన్డేలోనే శతకం చేసి, 2022లో విరమించేనాటికి మహిళల వన్డేలలో ప్రపంచంలోనే అత్యధికంగా 7,805 పరుగులు సాధించారు. మహిళల ప్రీమియర్ లీగ్ 2023లో గాని మొదలు కాలేదు. ఆమెను అంతకాలం నిలబెట్టిన వాటిలో రైల్వే ఉద్యోగమొకటి.

మనము నేర్వవలసినది

క్రికెట్‌ను పేషాగా చేసుకోదలచిన విద్యార్థులకు మా సలహా ఇది. బ్యాటింగు ఒక్కటే ఆట అనుకోవద్దు. జట్టుకు ఏ పని తక్కువైనదో దానిని నేర్చుకొన్నవానికి జట్టులో చోటు దొరుకుతుంది. ఫలితం కనబడే వరకు ఎన్నేండ్లు పడుతుందో ఎవరూ చెప్పలేరు గనుక, ఆ ఏండ్లలో నిన్ను నిలబెట్టే డిగ్రీని చేజార్చుకోవద్దు. ఈనాడు క్రీడాకారుల కోటాలో ఉద్యోగమిచ్చే సంస్థ కూడ మొదట విద్యార్హత పత్రాన్నే అడుగుతుంది. ఆట ముప్పది అయిదేండ్లకు ముగిసినా జీవితం ముగియదు.

కళాశాల పాలక సంఘంవారికి కూడ ఒక మనవి. విశ్వవిద్యాలయానికో, జిల్లాకో ఆడబోయే విద్యార్థి ఈనాడు హాజరుకు, ఆటకు మధ్య నలిగిపోతున్నాడు. పోటీకి వెళితే హాజరు తగ్గి పరీక్షకు అడ్డు వస్తుంది, వెళ్లకపోతే ఎంపిక చేజారిపోతుంది. పూర్వం బ్యాంకులు ఆటగాని పోటీ రోజులను విధినిర్వహణగా లెక్కించినట్లే, అధికారికంగా ఎంపికైన విద్యార్థుల పోటీ రోజులను హాజరుగా పరిగణించి, తప్పిన అంతర్గత పరీక్షలను మరల నిర్వహిస్తే, చదువో ఆటో ఏదో ఒకటి వదులుకోవలసిన అవస్థ తప్పుతుంది. దీనికి ధనవ్యయం లేదు, ఒక తీర్మానం చాలును. మైదానంలో గడ్డి కోయించి, ఒక పిచ్‌ను సంవత్సరం పొడవునా చదునుగా ఉంచడానికి అయ్యే ఖర్చు కూడ పెద్దది కాదు.

1956లో ఒక బాలుని చురుకుదనాన్ని ఎవరో శ్రద్ధగా చూచి జట్టులోకి తీసుకొన్నారు. కొద్ది ఏండ్ల తరువాత ఒక సంస్థ అతనికి జీతమిచ్చినది. ఆ రెండూ జరిగినందువల్ల ఓవల్‌లో ఆ బౌండరీ సాధ్యమైనది. మన మైదానంలో సాయంకాలం బంతి వెంట పరుగెత్తుతున్న పిల్లలలో అటువంటివాడు ఉన్నాడో లేడో మాకు తెలియదు. ఉంటే, వానిని చదువు మానిపించకుండానే ఆడనివ్వగల ఏర్పాటు ఈ విద్యా సంవత్సరంలోనే జరగాలని మేము కోరుతున్నాము.